అప్పకి వచ్చిన జవాబు

గోల్‌మురి మార్కెట్లో కంప్యూటర్లు బాగుచేసే శివశంకర్‌కి సిగరెట్టు అలవాటు లేదు, పేకాట లేదు. ఉన్న వ్యసనం ఒక్కటే. ఇంకా బజారులోకి రాని ఆపరేటింగ్ సిస్టమ్‌ని అందరికంటే ముందు తన లాప్‌టాప్‌లో ఎక్కించుకుని చూడాలి.

కొత్త సిస్టమ్‌ని జనం మీదికి వదిలే ముందు, కంపెనీవాళ్ళు దాన్ని సగం తయారైన రూపంలో అడిగినవాళ్ళకి ఇస్తారు. దాన్ని ప్రివ్యూ బిల్డ్ అంటారు. తీసుకున్నవాళ్ళు వాడి చూసి, ఎక్కడ ఆగిపోయిందో, ఏది చెడిపోయిందో రాసి పంపాలి. వట్టి సరదా తప్ప అందులో దక్కేదేమీ లేదు. ప్రపంచమంతటా ఇలాంటివాళ్ళు లక్షల్లో ఉన్నారు. శంకర్ పెళ్ళి కాకముందు నుంచీ వాళ్ళలో ఒకడు. దుకాణంలో ఒక పాత లాప్‌టాప్‌ని దీనికోసమే పక్కన పెట్టాడు. కొత్త బిల్డ్ వచ్చిన రోజు పొద్దున్నే ఎక్కించి, టీ కొట్టు దగ్గర నిలబడి, "ఇంక చూడండి, వచ్చే ఏడాది మీ అందరి కంప్యూటర్లు ఇలాగే ఉంటాయి" అని చెప్పేవాడు. అక్కడి ఆటోవాళ్ళకీ, టిన్‌ప్లేట్ కర్మాగారం పనివాళ్ళకీ అది పట్టకపోయినా, శంకర్ అంటే కంపెనీవాళ్ళతో మాటలున్న మనిషి అని ఒక అభిప్రాయం మాత్రం ఏర్పడిపోయింది.

నిజానికి మాటలేమీ లేవు. అతను పంపిన ప్రతి రిపోర్టుకీ ఒకటే జవాబు వచ్చేది. "మీ అభిప్రాయానికి ధన్యవాదాలు." అది మనిషి రాసింది కాదని అతనికీ తెలుసు. అయినా ఏదో ఒకనాడు ఏ ఇంజనీరో తన రిపోర్టు చదివి, తన పేరు పెట్టి, 'శివశంకర్ గారూ, మీరు చెప్పింది నిజమే' అని రాస్తాడని ఎదురుచూసేవాడు. ఆ సంగతి భార్య గౌరీదేవికి కూడా ఎప్పుడూ చెప్పలేదు.

శంకర్ తండ్రి సోంపేట వైపు నుంచి ఈ హిందీ ఊరికి వచ్చి టిన్‌ప్లేట్ కర్మాగారంలో పనికి కుదిరాడు. పిల్లలు ఇద్దరు. పెద్దది ఇంద్రాణి, తర్వాత శంకర్. అక్కని వాళ్ళ వైపు అప్ప అంటారు. ఇంద్రాణి చదువులో ఎప్పుడూ మొదటిదే. తెలుగు సంఘం వాళ్ళు వినాయక చవితికి పెట్టే పోటీల్లో పాటకీ ఆమెకే, వక్తృత్వానికీ ఆమెకే. శంకర్ మరీ మొద్దు కాదు, కానీ అదే ఇంట్లో, అదే బడిలో, ఆమె వెనకాల నడవాల్సి వచ్చింది. మాస్టార్లు అతని పేరు గుర్తుపెట్టుకునేవారు కాదు. "ఇంద్రాణి తమ్ముడు" అనేవారు. తండ్రి సైకిల్ మీద డ్యూటీ నుంచి వస్తూ వస్తూ, "మీ అప్పని చూసి నేర్చుకోరా" అనేవాడు. శంకర్ చూసేవాడు. నేర్చుకున్నది మాత్రం కడుపులో మంట ఒక్కటే.

ఇంద్రాణి బ్యాంకు పరీక్ష రాసి బిష్టుపూర్ శాఖలో ఉద్యోగం తెచ్చుకుంది. పోలయ్యని పెళ్ళి చేసుకుంది. అతను ఉక్కు కర్మాగారంలో క్రేన్ నడుపుతాడు, అగ్రికోలో క్వార్టర్ ఉంది. అంతా సాఫీగా ఉన్న రోజుల్లో ఆమె కళ్ళు మసకబారడం మొదలుపెట్టాయి. కంటి వెనక పొర ఎండిపోతోందన్నారు. ముందు పక్కలు పోయాయి, తర్వాత మధ్య కూడా పోయింది. శంకర్ ఆమెని స్కూటర్ మీద ఎక్కించుకుని డాక్టర్ల చుట్టూ తిరిగాడు. ఇంక లాభం లేదని చెప్పినరోజు ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఏడ్చాడు. ఆ ఏడుపులో అబద్ధం లేదు. కానీ తర్వాత తర్వాత చుట్టాలు పెళ్ళి ముహూర్తానికీ, టికెట్లకీ, సలహాకీ మొదటి ఫోన్ అతనికి చెయ్యడం మొదలుపెట్టారు. ఆ ఫోన్లు వచ్చినప్పుడల్లా లోపల ఒక మూల చిన్న తృప్తి కదిలేది. దాన్ని అతను తన కళ్ళతో తానే చూడలేక తల తిప్పుకునేవాడు.

తెర మీద ఉన్నదాన్ని పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌ని ఆమె కంప్యూటర్లో పెట్టింది శంకరే. మౌస్ అవసరం లేకుండా కీబోర్డుతోనే అన్నీ చెయ్యడం నేర్పిందీ అతనే. "ఇది నొక్కప్పా, ఇప్పుడిది నొక్కు" అంటూ పక్కన కూర్చుని నెలల తరబడి నేర్పాడు. జీవితంలో మొదటిసారి అతను గురువు, ఆమె శిష్యురాలు. ఆ నెలలు అతనికి ఎంత బాగుండేవో. బ్యాంకువాళ్ళు ఆమెని ఖాతాదారులకి ఫోన్‌లో సమాధానాలు చెప్పే సీటుకి మార్చారు. ఆమె అక్కడ కుదురుకుంది.

కిందటేడు వేసవిలో వచ్చిన ప్రివ్యూ బిల్డ్‌లో ఒక కొత్త సంగతి ఉంది. స్క్రీన్ రీడర్‌కి తెలుగు గొంతు పెట్టారు. తెలుగూ హిందీ కలిసి ఉంటే దానంతట అదే భాష మార్చుకుని చదువుతుందట. శంకర్ అది మాటల్లో చెప్పగానే ఇంద్రాణి వదల్లేదు.

"ఒరే శంకరా, నాకు కూడా ఎక్కించీరా."

"అది సగం ఉడికిన అన్నం అప్పా. పంటికింద గట్టిగా తగుల్తాది."

"తగల్నీ. ఎక్కడ తగిలినాదో చెప్పమనే కదా ఇత్తన్నారు?"

తన టెస్టు లాప్‌టాప్‌తో పాటు కొన్న రెండోది, అదే మోడల్‌ది, దుకాణంలో ఖాళీగా ఉంటే దాంట్లో ఎక్కించి ఇచ్చాడు. రిపోర్టు ఎలా రాయాలో కూడా చూపించాడు. ఆమెకి అది కాలక్షేపం అవుతుందనుకున్నాడు.

కొన్ని వారాలకి ఒక సంఘటన జరిగింది. వాళ్ళ పెద్దత్త ఖరగ్‌పూర్‌లో మనవడు మోహిత్ దగ్గర ఉంటుంది. ఆవిడకి జ్వరం వచ్చి ఆసుపత్రిలో పెట్టారు. చుట్టాలందరూ ఉన్న వాట్సాప్ గుంపులో మోహిత్ కబురు పెడుతూ ఉండేవాడు. పెద్దల మీద గౌరవంతో తెలుగులో మొదలుపెడతాడు, సగంలో హిందీలోకి జారిపోతాడు. ఆ రోజు మధ్యాహ్నం ఇంద్రాణి ఇంట్లో ఒక్కతే ఉండి లాప్‌టాప్‌లో ఆ కబురు విన్నది. కొత్త గొంతు స్పష్టంగా చదివింది.

"పెద్దత్త ఇప్పుడు నహీ హై."

పెద్దత్త ఇప్పుడు లేదు. చిన్నప్పుడు ఇంద్రాణికి తల దువ్విన మనిషి. ఏడుస్తూనే ఖరగ్‌పూర్‌కి ఫోన్ చేసింది. అవతల ఫోన్ ఎత్తింది పెద్దత్తే.

"ఏటే ఇంద్రాణీ? ఎందుకలగ ఏడుత్తన్నావు? పోలయ్యకేటైనా అయ్యిందేటే?"

"అత్తా! నువ్వు... నువ్వున్నావా?"

"ఉండక ఎక్కడికెల్తానే? పొద్దున్నే ఇంటికొచ్చీసినాను. పప్పు పోపెడతన్నాను."

మోహిత్ రాసింది 'పెద్దత్త ఇప్పుడు బీమార్ నహీ హై' అని. జబ్బు లేదు అని. తెలుగు నుంచి హిందీలోకి మారేటప్పుడు ఆ గొంతు హిందీ మొదటి మాటని మింగేస్తోంది. 'బీమార్' పోయింది, మనిషి పోయినట్టయింది.

ఏడుపు నవ్వయ్యాక ఇంద్రాణి తమ్ముడికి ఫోన్ చేసి చెప్పింది. శంకర్ కూడా నవ్వాడు. "ఇది చిన్నదప్పా. వాళ్ళ దగ్గర ఇంతకన్నా పెద్దవి కుప్పలుగా పడున్నాయి. పట్టించుకోరు" అన్నాడు. ఆమె వినలేదు. తనే కూర్చుని రాసింది. వేరే వాక్యాలతో మళ్ళీ మళ్ళీ చూసి, ఏ భాష నుంచి ఏ భాషకి మారితే మింగుతోందో, దేనికి మింగడం లేదో రాసి, గొంతు చదివినదాన్ని రికార్డు చేసి జతపెట్టింది. పెద్దత్త కథ కూడా రాసింది, పప్పు పోపుతో సహా.

వారం తిరక్కుండా జవాబు వచ్చింది. మర జవాబు కాదు. హైదరాబాదులో ఉన్న వెన్నెల అనే ఇంజనీరు రాసింది. ఇంద్రాణి పోలయ్యనీ తమ్ముణ్ణీ కూర్చోబెట్టి అందరికీ వినిపించేలా పెట్టింది. అదే తెలుగు గొంతు, అక్షరం తప్పు లేకుండా చదివింది.

"ఇంద్రాణి గారూ, మీరు చెప్పింది నిజమే. మీ రికార్డింగు మా బృందమంతా విన్నాం. మీ అత్తగారు క్షేమంగా ఉన్నందుకు చాలా సంతోషం. ఈ లోపం మాకెవరికీ దొరకలేదు..."

పోలయ్య బల్లమీద చరిచి, "సూసినావా బావా, మీ అప్పంటే ఏటనుకున్నావు!" అన్నాడు.

శంకర్ నవ్వాడు. 'మీరు చెప్పింది నిజమే.' తను ఇన్నేళ్ళు మనసులో రాసుకున్న వాక్యం. ఒక్క మాట కూడా తేడా లేకుండా, తన ముందే, ఇంకొకరి పేరుతో చదువుతుంటే వినాల్సి వచ్చింది. టీ తాగకుండానే లేచి వచ్చేశాడు.

ఆ రోజు నుంచి అతనికి మనశ్శాంతి లేదు. రిపోర్టులు అందరికీ కనిపిస్తాయి. అదే ఇబ్బంది ఉన్నవాళ్ళు 'నాకూ ఇలాగే ఉంది' అని గుర్తు పెట్టవచ్చు. ఇంద్రాణి రిపోర్టుకి ఆ గుర్తులు పెరుగుతూ పోయాయి. చెన్నైవాళ్ళు, దుబాయివాళ్ళు, రెండు మూడు భాషలు కలిపి రాసుకునే దేశాలవాళ్ళు ఎవరెవరో వచ్చి పెట్టారు. శంకర్ దుకాణం షట్టర్ ఎత్తగానే మొదట అదే చూసేవాడు. పెరిగిందా అని చూడటం, పెరిగితే కుళ్ళుకోవడం, పెరక్కపోతే కాస్త తేలికపడి టీకి వెళ్ళడం. తను మాత్రం ఆ గుర్తు పెట్టలేదు. ఒకసారి వేలు దానిమీదికి వెళ్ళి వెనక్కి వచ్చేసింది.

తనూ ఒకటి రాద్దామని కూర్చున్నాడు. గొంతుదే, తెలుగుదే, ఏదో ఒకటి. ఒక పూటంతా కళ్ళు మూసుకుని స్క్రీన్ రీడర్ వింటూ పనిచెయ్యాలని చూశాడు. ప్రతిసారీ దారి తప్పి కళ్ళు తెరిచేవాడు. చివరికి ఫైళ్ళ కిటికీ నెమ్మదిగా తెరుచుకుంటోందని రాసి పంపాడు. 'మీ అభిప్రాయానికి ధన్యవాదాలు' వచ్చింది.

అంతలో బ్యాంకులో పనిచేసే ఒకాయన ప్రింటర్ పట్టుకుని దుకాణానికి వచ్చాడు. శంకర్ పేరు బోర్డు మీద చూసి, "అరే, ఆప్ ఇంద్రాణి మేడమ్‌కే భాయీ హై క్యా?" అన్నాడు సంబరంగా. మేడమ్ గారు కంప్యూటర్ కంపెనీకి తప్పులు చెప్తున్నారనీ, బ్యాంకులో అందరూ అదే మాట్లాడుకుంటున్నారనీ చెప్పాడు. టీ కొట్టతను అదంతా విని శంకర్‌తో, "దీదీకి మీరే నేర్పారా, మీకు దీదీ నేర్పిందా?" అని హిందీలో అడిగాడు. అతని ఉద్దేశం చెడ్డది కాదు. శంకర్ గ్లాసు సగంలో పెట్టేసి వచ్చాడు.

గౌరీదేవి కొన్నాళ్ళు చూసి, ఒకరోజు కంచం పెడుతూ అడిగేసింది. "మీ అప్పకి మంచి జరిగితే మీరేటండీ, ఆముదం తాగినట్టు మొకం పెడతన్నారు?"

"నాకేటీ నేదు."

"ఒదిన పాపం నోరు తెరిస్తే మా తమ్ముడు నేర్పినాడు, మా తమ్ముడు నేర్పినాడు అంటాది."

"అదే చాలా? నేర్పినోడు గోల్‌మురిలో స్క్రూలు తిప్పుకోవాలి, నేర్చుకున్నామె కంపెనీవోళ్ళతో మాటాడాలా?"

అనేశాక తనకే ఎబ్బెట్టుగా అనిపించింది.

వానలు పడుతుండగా వెన్నెల మళ్ళీ రాసింది. తర్వాతి బిల్డ్‌లో ఆ లోపాన్ని సరిచేశామనీ, ఇంద్రాణి దాన్ని వాడుతుంటే తమ బృందం వీడియోలో చూడాలనుకుంటోందనీ, శుక్రవారం మధ్యాహ్నం వీలవుతుందా అనీ అడిగింది. ఇంద్రాణి ఆ రోజుకి సెలవు పెట్టింది.

బుధవారం కొత్త బిల్డ్ వచ్చింది. శంకర్ ఎప్పటిలాగే దుకాణంలో ఎక్కించాడు. లాప్‌టాప్ మళ్ళీ తెరుచుకుంది, అంతా బాగానే ఉంది, కానీ చప్పుడు లేదు. పాట పెట్టాడు, లేదు. స్క్రీన్ రీడర్ పెట్టాడు, తెరమీద గీత కదులుతోంది, గొంతు లేదు. వెతికితే సంగతి తెలిసింది. ఆ మోడల్‌లో చప్పుడు పలికించే ప్రోగ్రాముకీ, అంటే సౌండు డ్రైవరుకీ, కొత్త బిల్డ్‌కీ పొసగడం లేదు. డ్రైవరు తీసేసి పాతది పెట్టగానే గొంతు పలికింది. కళ్ళున్నవాళ్ళకి అది కొద్దిసేపటి పని. కళ్ళు లేనివాళ్ళకి, గొంతే పోయిన యంత్రంలో, దారి లేదు.

అతను వెంటనే రిపోర్టు రాయడానికి కూర్చున్నాడు. మంచి రిపోర్టు. ఇన్నేళ్ళలో అతనికి దొరికిన వాటన్నిటిలోకీ పెద్ద లోపం. సగం రాశాక ఫోన్ మోగింది. ఇంద్రాణి.

"ఒరే, కొత్తది వచ్చినాదని చెప్తంది. ఎక్కించుకోమంటావా? నీ దాంట్లో బాగున్నాదా?"

శంకర్ తెరమీద తను రాస్తున్న వాక్యాన్ని చూస్తున్నాడు. 'చప్పుడు పూర్తిగా పోతుంది' అని ఉంది.

"బాగానే ఉన్నాదప్పా" అన్నాడు. "ఎక్కించుకో."

"నువ్వు చెప్పినావంటే చాలు. శుక్రవారం పొద్దున్న ఎక్కిస్తాను, అప్పటిదాకా పాతదాంట్లో కొంచం పనున్నాది."

ఫోన్ పెట్టేశాక రాసింది చెరిపేశాడు. తనకి తను చెప్పుకున్నదేమిటంటే, ఆ ఒక్క మధ్యాహ్నం గడిచిపోతే చాలు. తర్వాత తనే వెళ్ళి బాగుచేస్తాడు. అప్ప ఆనందిస్తుంది. వీడియో మరోసారి పెట్టుకోవచ్చు. ఈ ఒక్కసారికి ఆమె పిలుపు జరక్కపోతే కొంపలేమీ మునిగిపోవు. గురువారం రెండుసార్లు ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. రెండుసార్లూ ఎవరో గిరాకీ వచ్చారని పక్కన పెట్టాడు.

శుక్రవారం పదింటికి అప్ప నుంచి ఫోన్ వచ్చింది. ఎత్తలేదు. మళ్ళీ మోగింది. ఫోన్ బల్లమీద గుండ్రంగా కదులుతూ మోగుతుంటే దాన్ని చూస్తూ కూర్చున్నాడు. విప్పి ఉన్న కంప్యూటర్లో స్క్రూలు మళ్ళీ బిగించాడు, మళ్ళీ విప్పాడు. ఇంకోసారి మోగి ఆగిపోయింది. ఆ తర్వాత మోగలేదు. మోగకపోవడమే అతన్ని కూర్చోనివ్వలేదు. భోజనం వేళ దాటాక ఇంక ఉండలేక షట్టర్ దించి స్కూటర్ తీశాడు.

అగ్రికోలో క్వార్టర్‌కి తాళం వేసి ఉంది. పోలయ్య డ్యూటీలో ఉంటాడు. అప్ప ఎక్కడికి వెళ్ళింది? పక్కింటామె బట్టలు తీస్తూ హిందీలో చెప్పింది. ఇంద్రాణి లాప్‌టాప్ సంచీ భుజానికి తగిలించుకుని, కర్ర పట్టుకుని, వానలో ఆటో ఎక్కి బిష్టుపూర్ వెళ్ళిందట. తోడు వస్తానంటే వద్దందట. "చాలా కంగారుగా ఉంది. తమ్ముడు ఫోన్ ఎత్తడం లేదు, వాడికేమైనా అయ్యిందేమో కాస్త కనుక్కోండి అని నాతో చెప్పి వెళ్ళింది" అంది ఆమె. శంకర్ ఆ గుమ్మం ముందు స్కూటర్ మీదే ఉండిపోయాడు. బ్యాంకుకి వెళ్ళాలనుకున్నాడు. వెళ్ళి ఏమని చెప్తాడు? వెళ్ళలేదు.

సాయంత్రం పోలయ్యా ఇంద్రాణీ కలిసి వచ్చేసరికి అతను వాళ్ళ వరండాలోనే కూర్చుని ఉన్నాడు. అడుగుల చప్పుడు విని ఇంద్రాణి "ఎవరు?" అంది.

"నేనప్పా."

"శంకరా! ఏటైపోనావురా? నీకేటైనా అయ్యిందేమోనని పేణం పోయినాది."

"ఫోన్... ఛార్జింగ్ నేదు."

ఆమె నమ్మేసింది. లోపలికి రమ్మని, తుండుతో తల తుడుచుకుంటూ, సంబరంగా చెప్పడం మొదలుపెట్టింది. లాప్‌టాప్ మూగబోయిందట. బ్యాంకులో తన పక్క సీటు అమ్మాయి బిందుప్రియ దగ్గరికి పట్టుకెళ్ళిందట. బిందుప్రియ తెరమీద ఉన్నది చదివి వినిపించినా దానికి మందు దొరకలేదు. చివరికి ఆ అమ్మాయి తన ఫోన్‌లోనే వీడియో కలిపింది. ఇంద్రాణి మూగ లాప్‌టాప్‌ని వాళ్ళకి చూపించి, "మీ తెలుగు గొంతు మాట మింగడం మానేసిందో లేదో నాకు తెలీదు. మొత్తం గొంతే మింగేసింది" అందట. అవతల అందరూ ముందు నవ్వి, వెంటనే నవ్వు ఆపేశారట. గొంతు పోతే కళ్ళులేనివాడి గతేమిటని ఆమె అడిగిందట. గంటకి పైగా మాట్లాడారట.

"ఒకటే వాళ్ళకి అంతు పట్టడం నేదురా. అదే మోడల్, అదే బిల్డ్, మా తమ్ముడి దాంట్లో బాగున్నాది అని చెప్పినాను. నా దాంట్లో ఎందుకు పోయినాదో తెలవాలంటే నీ దాన్ని చూడాలంట. నీ పేరు చెప్పీసినాను. మా తమ్ముడు ఎన్నో ఏళ్ళ నుంచి చేత్తన్నాడు, నాకన్నా వాడికి బాగా తెల్సు, వాణ్ణడగండి అన్నాను. నీకు మెయిల్ వత్తాది, సూడు."

శంకర్ లాప్‌టాప్ తీసుకుని, పాత డ్రైవరు పెట్టి, గొంతు తెప్పించి ఇచ్చాడు. "అంతేనా!" అని ఇంద్రాణి ఆశ్చర్యపోయింది. ఇంత త్వరగా మందు ఎలా తెలిసిందని మాత్రం ఆమె అడగలేదు. పోలయ్య బావమరిది ముఖం వైపు ఒకసారి చూసి, చొక్కా విప్పుకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్న మెయిల్ వచ్చింది. 'శివశంకర్ గారూ' అని మొదలవుతోంది. వెన్నెలే రాసింది. మీ అక్కగారు మీ గురించి ఎంతో చెప్పారు, మీ అనుభవం మాకు చాలా అవసరం, మీ లాప్‌టాప్‌లో గొంతు ఎందుకు పోలేదో తెలిస్తే లోపం ఎక్కడుందో తేలుతుంది, ఇంకా చాలామందికి ఈ బిల్డ్ వెళ్తోంది కాబట్టి వీలైనంత త్వరగా చెప్పగలరా అని ఉంది.

ఇన్నేళ్ళు ఎదురుచూసిన ఉత్తరం. అతను దాన్ని రెండోసారి చదవలేకపోయాడు. ఏదో ఒకటి కల్పించి రాయవచ్చు. నా దాంట్లో ముందే పాత డ్రైవరు ఉండేది అనవచ్చు. ఆ అబద్ధం పట్టుకుని వాళ్ళు లేని తేడా కోసం వెతుకుతూ ఉంటారు. ఈలోగా ఇంకెక్కడో ఇంకెవరి యంత్రమో మూగబోతుంది, ఆ మనిషి ఎవరికి ఫోన్ చేస్తాడో, వాళ్ళు ఎత్తుతారో లేదో. అయినా రెండు మూడు వాక్యాలు కల్పించి చూశాడు. చక్కగా వచ్చాయి. అది చూసుకుని అతనికి తన మీదే రోత పుట్టింది.

ఆదివారం పోలయ్య బజారుకి వెళ్ళిన వేళ చూసి అప్ప దగ్గరికి వెళ్ళాడు. ఆమె చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది.

"అప్పా, నా దాంట్లో కూడా పోయింది. బుధవారమే. నీకు చెప్పక ముందే."

ఆమె వేళ్ళు ఆగాయి. "ఏటి పోయింది?"

"గొంతు. నాకు తెల్సే బాగుందన్నాను. ఫోన్ కూడా... ఛార్జింగ్ ఉంది. ఎత్తలేదు."

ఇంద్రాణి చేట పక్కకి జరిపింది. "ఎందుకురా?" అంది.

"నీకు జవాబొచ్చింది" అన్నాడు శంకర్. "నాకెప్పుడూ రాలేదు. చిన్నప్పట్నుంచీ అన్నీ నీకే వచ్చేవి. ఇదొక్కటైనా నాదనుకున్నాను."

"చిన్నప్పట్నుంచీనా!" అందామె. "ఒరే, నీ కళ్ళు తల్చుకుని నేనెంత కుళ్ళుకున్నానో నీకు తెల్దు. నువ్వు నా పక్కన కూకుని ఇది నొక్కు అది నొక్కు అన్న రోజుల్లో, లోపల తగలబడిపోయినాను. దేవుడు కళ్ళు వీడికుంచి నాకు తీసీనాడేటి అని. బుద్ధిలో నేనెక్కువ కదా, వీడికెందుకున్నాయి అనుకున్నాను. అలగే అనుకున్నాను, ఏం దాచను. అంత కుళ్ళుకున్నా కూడా, ఏనాడూ నీ కళ్ళలో కారం కొట్నేదురా నేను."

శంకర్ తల దించుకున్నాడు.

"వానలో ఆటో దొరక్క ఆ రోడ్డు మీద నిలబడినాను. కారు హారన్లు తప్ప ఏటీ తెల్డం నేదు. అప్పుడు కూడా నీకేటైనా అయ్యిందేమోనని భయపడినాను, నా మిషను గురించి కాదు." ఆమె లేచి గోడ పట్టుకుని లోపలికి నడిచింది. గుమ్మం దగ్గర ఆగి, తిరక్కుండానే అంది. "ఎల్లు. ఎల్లి ఆ పిల్లకి ఉన్నదున్నట్టు రాయి. ఇంకెవరి మిషనూ మూగబోకుండా సూడు."

అతను రాశాడు. తన లాప్‌టాప్‌లో కూడా గొంతు పోయిందనీ, అక్కకి బాగుందని చెప్పింది తనేననీ, అది అబద్ధమనీ రాశాడు. ఎందుకు అలా చెప్పాడో మాత్రం రాయలేదు. డ్రైవరు సంగతీ, దాని పాత రూపం పెట్టే పద్ధతీ వివరంగా రాశాడు. వెన్నెల నుంచి చిన్న జవాబు వచ్చింది. సమాచారం ఉపయోగపడిందనీ, ఆ మోడల్ యంత్రాలకి బిల్డ్ వెళ్ళకుండా ప్రస్తుతానికి ఆపామనీ ఉంది. అంతకుమించి ఒక్క మాట లేదు. ధన్యవాదాలు అని కూడా లేదు. మర రాసే జవాబులో ఆ మాటైనా ఉండేదని శంకర్‌కి అనిపించింది.

చలికాలంలో అసలు సిస్టమ్ విడుదలైంది. తెలుగు గొంతు మాటలు మింగడం మానేసింది. గిరాకీల కంప్యూటర్లలో దాన్ని శంకరే ఎక్కించి ఇచ్చాడు. కంపెనీవాళ్ళు గొంతు పనిమీద ఒక చిన్న గుంపుని ఏర్పాటు చేసి ఇంద్రాణిని అందులో చేర్చుకున్నారు. ఆ సంగతి అతనికి పోలయ్య ద్వారా తెలిసింది. ఇప్పుడు ఆమెకి కొత్త బిల్డులు ఎక్కించేది బిందుప్రియ. ఆ పిల్లతో అప్ప తెలుగులో మాట్లాడుతుంది, ఆ పిల్ల హిందీలో జవాబిస్తుంది, ఇద్దరూ బాగా నవ్వుకుంటారని గౌరీదేవి చెప్పింది. గౌరీదేవికి జరిగిందంతా తెలుసో లేదో శంకర్ అడగలేదు.

సంక్రాంతి దాటాక ఒక శనివారం ఇంద్రాణీ బిందుప్రియా గోల్‌మురి దుకాణానికి వచ్చారు. లాప్‌టాప్ కీబోర్డు మీద టీ ఒలికి రెండు మూడు అక్షరాలు అతుక్కుపోతున్నాయి. ఇంద్రాణి దాన్ని బల్లమీద పెట్టి, "బాగవుతాదేటి?" అంది, మామూలు గిరాకీలా.

శంకర్ కీలు విప్పి తుడిచి మళ్ళీ పెట్టాడు. వాళ్ళు పక్కన స్టూళ్ళ మీద కూర్చుని ఏదో కొత్త బిల్డ్ గురించి మాట్లాడుకుంటున్నారు. అతనూ అదే బిల్డ్ ఎక్కించి ఉన్నాడు, చెప్పడానికి బోలెడున్నాయి. అడగలేదు వాళ్ళు. వెళ్ళేటప్పుడు ఇంద్రాణి లేచి చెయ్యి చాపింది. బిందుప్రియ మోచెయ్యి అందించింది. అంతకుముందు మార్కెట్లో నడవాలంటే ఆమె పట్టుకునేది శంకర్ మోచేతినే. ఆ పిల్ల ఆమెని గుంతల పక్కనుంచి జాగ్రత్తగా తీసుకెళ్తుంటే, శంకర్ కడుపులో ఏదో చురుక్కుమంది. ఎంత తెలిసిన నొప్పో అది.

"అప్పా" అని పిలిచాడు. వాళ్ళు ఆగారు. "రేపు చేపలు తెత్తన్నాను. గౌరి మిమ్మల్ని రమ్మంది."

"మీ బావనడిగి చెప్తాను" అంది ఇంద్రాణి.

ఆ ఆదివారం వాళ్ళు రాలేదు. తర్వాతి ఆదివారం వచ్చారు.